ఉద్దానం జీడితోటల్లో సీతాకోకచిలుకలు, చిమ్మటలు: ఒక వేసవి ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి చివరి వారం

ఇప్పటి నుంచి నైరుతి రుతుపవనాలు నిలదొక్కుకునే దాకా, పలాస, మందసల మధ్య ఉద్దానం తోటల్లో కనిపించే సీతాకోకచిలుకలనూ చిమ్మటలనూ తేదీ, వేళ, చెట్టు వివరాలతో సహా నమోదు చేసే పని మొదలుపెట్టాను. వీటిని చూడడానికి అందరూ వానలు వెనుకబట్టి పచ్చదనం నిండిన సెప్టెంబరు, అక్టోబరు నెలలను ఎంచుకుంటారు. ఎండాకాలంలో ఏముంటాయిలే అని వదిలేస్తారు. అలా వదిలేసిన నెలలే నాకు కావాలి, ఎందుకంటే నేను తేల్చుకోవాలనుకున్న ప్రశ్నకు జవాబు దొరికేది ఆ నెలల్లోనే.

సంధ్యవేళ పెరట్లోనూ పశువుల పాక దగ్గరా నేలకు దగ్గరగా ఎగురుతూ, దీపం పెట్టగానే ఇంట్లోకి కూడా వచ్చేసే గోధుమరంగు సీతాకోకచిలుక ఒకటుంది. దాన్ని కామన్ ఈవెనింగ్ బ్రౌన్ అంటారు, శాస్త్రీయ నామం మెలానిటిస్ లీడా. దీని గొంగళి పురుగు వరి ఆకునూ గడ్డినీ తిని పెరుగుతుంది కాబట్టి వరి పండే ఊళ్లలో దీనికి కొదవ ఉండదు. వానాకాలంలో పుట్టినదాని రెక్కల అడుగుభాగంలో, అంచు వెంబడి, వలయాలతో కూడిన కంటి చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. పొడికాలంలో పుట్టినదానికి ఆ చుక్కలు దాదాపు మాయమై, రెక్క మొత్తం ఎండుటాకు రంగులోకి మారి, అంచు కొసదేరి ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూపిస్తే రెండూ ఒకటేనని చాలామంది నమ్మరు. రెక్కలు విప్పుకున్న తరువాత ఈ రూపం మారేది కాదు, గొంగళిగా, ప్యూపాగా (రెక్కలు రావడానికి ముందు తినకుండా ఉండే దశ) ఉన్న రోజుల్లో తగిలిన వేడి, తేమలే దాన్ని నిర్ణయిస్తాయి. వానాకాలంలో చురుకుగా తిరిగేటప్పుడు పిట్టో తొండో మీద పడితే దాని దెబ్బ ఆ కంటి చుక్కల మీదికి పోయి రెక్క అంచు చినుగుతుందే గాని ప్రాణం నిలుస్తుంది. ఎండాకాలంలో రాలిన ఆకుల మధ్య కదలకుండా కూర్చునేదానికి మాత్రం అవే చుక్కలు ఉనికిని బయటపెట్టి ముప్పు తెస్తాయి.

ఈ మార్పు మా ఊళ్లో ఏ వారంలో వస్తుంది, తొలకరికి ముందా తరువాతా, తడి ఉన్న చోట ఒకలాగా లేని చోట మరొకలాగా వస్తుందా అన్నదే నా ప్రశ్న. మిగిలిన జాతులన్నిటినీ రాస్తాను గాని, ఈ ఒక్కదాన్ని మాత్రం వదలకుండా రాస్తాను. నోటుపుస్తకంలో గళ్లు గీసి పెట్టుకున్నాను: తేదీ, వేళ, ఎండా మబ్బూ, గాలి, చోటు, ఏ మొక్క మీద, గుడ్డా గొంగళా ప్యూపానా రెక్కలదా, ఏం చేస్తూ కనిపించింది. రెక్క అడుగుభాగం ఫొటో లేకుండా ఈవెనింగ్ బ్రౌన్ నమోదు చేయకూడదని నియమం పెట్టుకున్నాను.

మార్చి మొదటి పక్షం

నడిచే పద్ధతిని ఖరారు చేశాను. 1970లలో ఇంగ్లండులో ఎర్నెస్ట్ పొల్లార్డ్ రూపొందించిన నడక పద్ధతిని చాలా దేశాల్లో వాడుతున్నారు. ఒకే దారిలో, ఒకే వేగంతో, ప్రతి వారమూ నడుస్తూ, రెండు పక్కలా రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్ల మేర కనిపించినవాటిని మాత్రమే లెక్కపెట్టాలి. పక్క తోటలో ఎంత అందమైనది ఎగిరినా ఆ లెక్కలోకి రాదు. ఈ కట్టుబాటు వల్లనే ఒక వారం లెక్కను మరో వారంతో పోల్చడం సాధ్యమవుతుంది. అయితే అక్కడి వేళలు ఇక్కడ పనికిరావు. చలి దేశంలో ఎండ కాస్తేనే రెక్కలాడతాయి కాబట్టి వాళ్లు ఉదయం పదకొండు ప్రాంతం నుంచి మధ్యాహ్నం నాలుగు లోపు నడుస్తారు. ఉద్దానంలో ఏప్రిల్ నాటికి ఆ వేళలో సీతాకోకచిలుకలే నీడ వెతుక్కుంటాయి. అందుకని ఉదయం 7 నుంచి 9 వరకు ఒక నడక, సంధ్యవేళకు మరో చిన్న నడక అని నిర్ణయించుకున్నాను.

దారి మా మావయ్య జీడితోటలో మొదలై, కొబ్బరి చెట్ల వరస దాటి, చెరువు గట్టు మీదుగా తూము దగ్గర ముగుస్తుంది. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపానుకు ఈ దారిలోని పాత కొబ్బరిచెట్లు చాలావరకు కూలిపోయాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఇప్పుడున్న తోటలో సగానికి పైగా ఆ తరువాత వేసిన మొక్కలే. కొబ్బరి ఆకును తిని పెరిగే కామన్ పామ్‌ఫ్లై అనే సీతాకోకచిలుక ఇప్పటిదాకా పాత చెట్లు మిగిలిన ఒక్క మూలలోనే, చిక్కటి నీడలో, కనిపించింది. మొక్కలు ఎదిగి నీడ కమ్మిన కొద్దీ అది ఎటు విస్తరిస్తుందో చూడడానికి ఈ నడకను వచ్చే ఏళ్లలో కూడా కొనసాగించాలి.

మార్చి చివర

జీడిపండ్లు రాలుతున్నాయి. ఈ వారం మొత్తం కామన్ బేరన్ అనే సీతాకోకచిలుకదే.

దీని గొంగళి జీడి, మామిడి ఆకులను తింటుంది, కాబట్టి ఉద్దానంలో దీనికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. ఆకు మీద దాన్ని వెతకడం నేర్చుకోవడానికి ఓపిక కావాలి. లేత ఆకుపచ్చ దేహం, వెన్ను పొడవునా లేత రంగు గీత ఒకటి, రెండు పక్కలా బారుగా పరుచుకున్న ఈకల్లాంటి ముళ్లు. ఆకు మధ్య ఈనె మీద వెన్నుగీత సరిగ్గా కలిసేటట్టు పడుకుంటుంది, ముళ్లు ఆకు మీదికి అదిమి ఉండడం వల్ల నీడ కూడా పడదు. ఎదురుగా నిలబడి చూసినా ఆకు ఈనెగానే తోస్తుంది. ఆకును వెలుతురుకు ఎత్తి అడుగు నుంచి చూస్తే మాత్రం దేహం నల్లగా అడ్డుపడి దొరికిపోతుంది. ఈ కిటుకు తెలిసిన తరువాత, అంతకుముందు ఏమీ లేవనుకున్న కొమ్మ మీదే మూడు దొరికాయి. ఒకదాన్ని వేలితో తాకకుండా గడ్డిపరకతో కదిపి చూశాను. అది పక్కకు జరగలేదు సరికదా, ముళ్లను ఆకుకు మరింత గట్టిగా అదుముకుంది.

మావయ్య చూసి, "ఏట్రా అల్లుడూ, పురుగు పట్టిన ఆకుని తెంపకుండా ఫొటో తీస్తన్నావేటి?" అన్నాడు. ఇది పూతనూ పిక్కనూ ముట్టదని, ఒక్కొక్క ఆకు మీద ఒంటరిగా ఉంటుందని, పూతను మాడ్చేసే టీ దోమతో దీనికి సంబంధం లేదని చెప్పాను. తోటలో ఒక పక్కనున్న కొన్ని చెట్లను మందు కొట్టకుండా ఉంచడానికి ఆయన ఒప్పుకున్నాడు. ఆ చెట్లకు పసుపు గుడ్డ పీలికలు కట్టాను.

రెక్కలొచ్చిన బేరన్ పూలమీద వాలడం చాలా అరుదు. నేలమీద పడి పులిసిన జీడిపండ్ల రసం కోసం వస్తుంది. ఈ సంగతి నేను చెప్పకముందే జీడిపిక్కలు ఏరే ఒక పెద్దావిడ చెప్పింది: "ఆ మట్టిరంగుది పండు కుళ్లితేనే వస్తాది బాబూ, పువ్వు కాడికి పోదు." ఏళ్ల తరబడి వంగి నేలను చూస్తూ పనిచేసే మనిషి గమనిక అది. అప్పటి నుంచి పిక్క తీసేసిన పండ్లను చెట్టు కింద ఒకచోట కుప్ప పోయమని అడిగాను. ఉదయం పూట బేరన్లు, సంధ్యవేళ ఈవెనింగ్ బ్రౌన్లు ఆ కుప్ప మీద చేరుతున్నాయి. ఈవెనింగ్ బ్రౌన్లన్నీ ఎండుటాకు రూపంలోనే ఉన్నాయి, ఒక్కదానికీ కంటి చుక్క లేదు.

ఏప్రిల్ మొదటి పక్షం

చెరువు గట్టు మీద నీరుగొబ్బి మొక్కలున్న చోట పీకాక్ పాన్సీలు దొరికాయి. దీనికి కూడా ఈవెనింగ్ బ్రౌన్ లాగానే రెండు కాలాల రూపాలున్నాయి. రెక్క పైభాగంలో నెమలికన్ను లాంటి చుక్క ఎప్పుడూ ఉంటుంది గాని, అడుగుభాగం ఎండాకాలంలో చుక్కలు లేని ఎండుటాకు అవుతుంది, రెక్క మూలలు కోసుగా సాగుతాయి. ఇది పగటిపూట తిరుగుతుంది కాబట్టి దీని లెక్క తీయడం తేలిక. అందుకని నా ప్రశ్నకు దీన్ని రెండో సాక్షిగా చేర్చుకున్నాను.

సముద్రం వైపు ఇసుక నేలల్లో జిల్లేడు చెట్లన్నీ ప్లెయిన్ టైగర్ గొంగళులతో నిండి ఉన్నాయి. తెలుపు, పసుపు, నలుపు పట్టీల దేహం మీద మూడు జతల నల్లటి పోగులుంటాయి కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. జిల్లేడు పాలలోని విషాన్ని దేహంలో దాచుకుంటుంది గనుక అది దాక్కోవాల్సిన అవసరం లేదు, పిట్ట ఒకసారి నోట పెట్టుకుంటే మళ్లీ జోలికి రాదు. ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని బతికేది డనైడ్ ఎగ్‌ఫ్లై ఆడది. విషం లేకపోయినా అచ్చం ప్లెయిన్ టైగర్ లాగానే నారింజరంగు రెక్కలతో, అదే నిదానంతో ఎగురుతుంది. రెండిటినీ విడదీయడానికి వెనుక రెక్క చూడాలి. ప్లెయిన్ టైగర్‌కు వెనుక రెక్క మధ్యలో మూడో నాలుగో నల్లచుక్కలుంటాయి, ఎగ్‌ఫ్లైకి ముందు అంచు దగ్గర ఒక్కటే ఉంటుంది. మగది చూడడానికి పూర్తిగా వేరే జాతిలా, నల్లటి రెక్కల మీద పెద్ద తెల్లమచ్చలతో ఉంటుంది. దీని గొంగళి గంగపాయల కూర తింటుంది కాబట్టి, బావి గట్టు దగ్గర తడిలో పెరిగిన ఆ కూరను పీకవద్దని ఇంట్లో చెప్పి ఉంచాను.

కరివేపాకు, నిమ్మ మొక్కల మీద లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ గొంగళులు రెండూ ఉన్నాయి. ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి లెక్క మాత్రం రాసి ముందుకు సాగుతున్నాను.

మహేంద్రతనయ నదిలో నీరు సన్నబడింది. తడి ఇసుక మీద ఎమిగ్రెంట్లు, గ్రాస్ ఎల్లోలు అనే సీతాకోకచిలుకలు బారులుగా వాలి పీలుస్తున్నాయి. ఇలా ఇసుకను పీల్చేవి దాదాపు అన్నీ మగవే. వాటికి కావలసింది నీరు ఒక్కటే కాదు, అందులో కరిగిన ఉప్పులోని సోడియం కూడా. జతకట్టేటప్పుడు దాన్ని ఆడదానికి అందిస్తాయి. పశువులను నీటికి తోలిన చోట, మూత్రం పడిన ఇసుక మీద, గుంపులు మరీ దట్టంగా ఉన్నాయి.

ఏప్రిల్ అమావాస్య

చిమ్మటల కోసం తెల్లటి దుప్పటిని తోటలో రెండు కొయ్యల మధ్య కట్టి, బ్యాటరీతో నడిచే అతినీలలోహిత దీపాన్ని ముందు వేలాడదీశాను. వెన్నెల లేని రాత్రుల్లో దుప్పటి మీద చేరేవి ఎక్కువ. వెలుగు వాటిని ఆకర్షిస్తుందని మనం అలవాటుగా అంటాం గాని, 2024లో వెలువడిన ఒక పరిశోధన మరో కారణం చూపింది. రాత్రి ఎగిరే పురుగులు వీపును ఎప్పుడూ వెలుతురున్న వైపుకు తిప్పి ఉంచుతాయి. ఆకాశమే వెలుతురుగా ఉన్నంతకాలం ఆ అలవాటు వాటిని నిలకడగా ఎగిరేలా చేస్తుంది. పక్కనే దీపం ఉంటే వీపు దానివైపు తిరిగి, దారి వంకరపోయి, అక్కడే చుట్టూ తిరుగుతూ చిక్కుకుంటాయి. చిక్కుకున్నవి జత వెతుక్కోలేవు, గుడ్లు పెట్టలేవు. అందుకని దీపాన్ని అర్ధరాత్రికి ముందే ఆర్పేస్తున్నాను. తెల్లవారేదాకా వెలిగించి ఉంచితే దుప్పటి మీద మిగిలినవన్నీ ఉదయం పిట్టల పాలవుతాయి.

ఈ రాత్రి వచ్చినవాటిలో పంటల చిమ్మటలే ఎక్కువ. మొక్కజొన్నను తొలిచే కత్తెర పురుగు చిమ్మట ఉంది, 2018కి ముందు అది మన దేశంలోనే లేదు. పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు చిమ్మటలు కూడా ఉన్నాయి. కొబ్బరి మట్టల కింద పట్టుతో, విసర్జకాలతో సొరంగాలు కట్టుకుని ఆకు గీరి తినే నల్లతల గొంగళి పురుగు కూడా ఒక చిన్న బూడిదరంగు చిమ్మట సంతానమే. ఎండలు ముదిరేకొద్దీ తీరప్రాంతపు కొబ్బరిలో దాని బెడద పెరుగుతుంది. దాన్ని అదుపు చేయడానికి బ్రేకన్, గోనియోజస్ అనే చిన్న పరాన్నజీవి కందిరీగలను తోటల్లో వదులుతారు. రైతు వీటిని పురుగులంటాడు, నేను చిమ్మటలంటాను, నమోదులో రెండు పేర్లూ ఉండాలి. అప్పుడే ఈ పుస్తకం తోట యజమానికి కూడా పనికొస్తుంది.

గన్నేరు ఆకు తిని పెరిగే ఓలియాండర్ హాక్‌మాత్ ఒకటి చివరి గంటలో వచ్చింది. ఆకుపచ్చ, గులాబీ రంగులు కలగలిసిన ఆ రెక్కలను దగ్గర నుంచి చూసిన పిల్లలు ఇంటికి పోవడానికి ఒప్పుకోలేదు.

ఏప్రిల్ చివర

వేసవి నువ్వు చేను కోతకు వచ్చింది. కోత కోసేవాళ్లు వేలెడు లావు గొంగళి ఒకటి దొరికిందని కబురు పంపారు. పసుపు దేహం మీద ఏటవాలు నీలి చారలు, తోక దగ్గర వంకర తిరిగిన గరుకు కొమ్ము. నువ్వు మొక్కను ఇష్టంగా తినే డెత్స్‌హెడ్ హాక్‌మాత్ గొంగళి అది. కదిపితే దవడలతో టకటకమని చప్పుడు చేసింది. పెద్ద చిమ్మట అయ్యాక తేనెపట్టులోకి చొరబడి తేనె తాగుతుంది, పట్టుకుంటే కీచుమంటుంది. ఇది మట్టిలో దిగి ప్యూపా అవుతుంది కాబట్టి, కుండలో వదులు మట్టి పోసి, చేను నుంచి తెచ్చిన నువ్వు కొమ్మలతో పాటు అందులో ఉంచాను. మూడో రోజుకు మట్టిలోకి దిగిపోయింది.

మే

ఉదయం నడకలో కనిపించేవి బాగా తగ్గాయి. కొన్ని నడకల్లో బేరన్, ఒకటి రెండు ఎమిగ్రెంట్లు తప్ప ఏమీ లేవు. అలాంటి రోజున కూడా దారి పొడవునా నడిచి, ప్రతి జాతి గడిలోనూ సున్నా వేస్తున్నాను. ఖాళీ గడికీ సున్నాకూ చాలా తేడా ఉంది. ఖాళీ గడి అంటే వెళ్లలేదని కావచ్చు, సున్నా అంటే వెళ్లి వెతికితే లేదని. ఎండాకాలాన్ని నమోదు చేయడంలో కష్టమంతా ఈ సున్నాలను నిజాయితీగా రాయడంలోనే ఉందని నాకు అనిపిస్తోంది.

మందస దాటి మహేంద్రగిరి పాదాల వైపు వెళ్తే పరిస్థితి వేరుగా ఉంది. తునికి చెట్ల మధ్య ఇటుకరంగు బేరనెట్‌లు దారి మీద వాలుతూ, అడుగుల చప్పుడుకు లేచి మళ్లీ అక్కడికే వస్తున్నాయి. దీని గొంగళి తునికి ఆకు తింటుంది. చింతచెట్ల దగ్గర బ్లాక్ రాజా ఒకటి, అంతెత్తున, క్షణం కనిపించి పోయింది. ఫొటో లేదు కాబట్టి దాన్ని నమోదులో చేర్చలేదు.

బ్లూ టైగర్లు కొన్ని రోజులు వరసగా ఒకే దిక్కుకు ఎగరడం చూశాను. దక్షిణ భారతంలో బ్లూ టైగర్, కామన్ క్రో వంటివి రుతుపవనాలకు ముందు పడమటి కనుమల నుంచి తూర్పు వైపుకు పెద్ద ఎత్తున వలసపోతాయి. మా దగ్గర ఎగిరినవి ఆ వలసలో భాగమని ఒక్క ఏడాది లెక్కతో అనలేను. ఎగిరిన దిక్కు, గాలి వీచే దిక్కు మాత్రం ప్రతిసారీ రాశాను.

నెల మధ్యలో గాలివాన కొట్టింది. మరుసటి వారం సంధ్యవేళ కుప్ప దగ్గర ఈవెనింగ్ బ్రౌన్లు పెరిగాయి గాని అన్నీ పాత రూపమే, పైగా రెక్కల అంచులు చిరిగి, రంగు వెలిసి ఉన్నాయి. అంటే ఇవి కొత్తగా పుట్టినవి కావు, ఆకుల్లో దాగి ఉండి తడికి బయటకు వచ్చినవి. చెరువు తూము కింద, నీరు ఊరుతూ ఉండడం వల్ల ఎండాకాలమంతా పచ్చగా ఉన్న గడ్డిలో, నెలాఖరున తలమీద రెండు కొమ్ములున్న ఆకుపచ్చ గొంగళి ఒకటి దొరికింది. ఈవెనింగ్ బ్రౌన్‌దే. అదే గడ్డిని దుబ్బుతో సహా కుండీలో నాటి, వల కప్పి, ఇంటి వసారాలో పెట్టాను.

జూన్

తొలకరి పడిన రాత్రి వీధి దీపాల కింద తెల్లటి చిమ్మటలు గుంపులుగా చేరాయి. ముందు రెక్కల మీద గోధుమ గీతలు, అంచున పసుపు పట్టీ, వెనుక రెక్కలపై నల్లచుక్కలు. ఇవి ఎర్ర గొంగళి పురుగు చిమ్మటలు. గట్ల కింద, చెట్ల నీడన మట్టిలో ప్యూపాలుగా నెలల తరబడి పడి ఉండి, మొదటి గట్టి వానకు ఒక్కసారిగా బయటికి వస్తాయి. వీటి గొంగళులు వేరుశనగ చేలను దండుగా తినేస్తాయి కాబట్టి, మెట్ట రైతులు తొలకరి రాత్రుల్లో పొలం గట్ల మీద మంటలు వేసి వాటిని చంపేవారని పెద్దలు చెప్పారు. ఏ తేదీన వచ్చాయో ఊళ్లోని వేరుశనగ రైతులకు ఫోన్ చేసి చెప్పాను. ఈ ప్రాజెక్టు మొత్తంలో వెంటనే ఒకరికి ఉపయోగపడిన నమోదు ఇదే కావచ్చు.

కుండీలోని గొంగళి జూన్ మొదట్లో గడ్డిపరకకు వేలాడి నునుపైన ఆకుపచ్చ ప్యూపా అయింది. పదో రోజు లోపే దాని రంగు ముదిరి, తెల్లవారేసరికి రెక్కలు విప్పుకుంది. అడుగుభాగంలో కంటి చుక్కలు వరసగా, వలయాలతో సహా, పూర్తిగా ఉన్నాయి. అదే సాయంత్రం తోటలో పండ్ల కుప్ప దగ్గర కనిపించినవన్నీ ఎండుటాకు రూపంలోనివే. చెరువు గట్టు మీది పీకాక్ పాన్సీలలో మాత్రం రెండు రూపాలకూ మధ్యస్థంగా, చిన్న చుక్కలతో ఉన్నవి అప్పటికే మొదలయ్యాయి.

ఒక్క పురుగును పెంచి చూసినంత మాత్రాన తడిగడ్డి వల్లే మార్పు ముందుగా వచ్చిందని రాయలేను. ఆ గొంగళి పెరిగిన రోజుల్లో వేడి కూడా చాలా ఎక్కువగా ఉంది, రెండిటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీయాలంటే తడి చోటు నుంచీ పొడి చోటు నుంచీ గొంగళులను తెచ్చి పక్కపక్కన పెంచాలి. ఆరుబయట చుక్కలున్న మొదటి ఈవెనింగ్ బ్రౌన్ జూన్ ఆఖరి వారంలో, తూముకు దగ్గరలోని పశువుల పాక గోడ మీద దొరికింది. జీడితోట లోపల ఇంకా కనిపించలేదు. తేదీ, చోటు, అడుగుభాగం ఫొటోతో దాన్ని ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే జీవుల నమోదు వెబ్‌సైట్లు రెండిటిలోనూ చేర్చాను.

నువ్వు చేని హాక్‌మాత్ ఇంకా మట్టిలోంచి బయటికి రాలేదు, కుండను తడి ఆరకుండా చూస్తున్నాను. వచ్చే వారం నుంచి నారుమళ్లు పోస్తారు. వరి కాండం తొలుచు పురుగు చిమ్మటల కోసం దుప్పటిని తోట నుంచి నారుమడి గట్టుకు మారుస్తాను, సంధ్యవేళ నడకను మాత్రం పాత దారిలోనే, తోటలో చుక్కలున్నది కనిపించేదాకా కొనసాగిస్తాను.